గంగుబాయి అరుగు మీది వార్త

భవాని పేట్‌లో ఆ గల్లీ ఆడవాళ్లంతా బీడీలు చుట్టేది గంగుబాయి అరుగు మీదే. చేతులకు పని, చెవులకు వార్తలు. పొద్దున్నే మరాఠీ పేపరు చదివేసి, ఎవరు ఏ పార్టీలోకి దూకారో ఆమె ఉప్పూకారం కలిపి చెబుతుంటే చాటలు ఎప్పుడు నిండేవో తెలిసేది కాదు. మగ్గాల షెడ్డులో పనిచేసే మొగుడి మాట ఇంట్లోనే చెల్లదు గానీ, గంగుబాయి మాట గల్లీ అంతా చెల్లేది.

అలాంటిది, ఎదురింటికి రూపాలి కోడలై వచ్చింది. దాని చేతిలో ఫోను. పేపర్లో రేపు వచ్చే సంగతి అది ఇవాళే చెప్పేస్తుంది. ఒక్కొక్కరే చాట ఎత్తుకుని ఎదురరుగుకు జరిగారు. చివరికి ఏళ్ల నాటి నేస్తం చంద్రభాగ కూడా పోయింది. అటు నుంచి నవ్వులు వినిపిస్తే చాలు, గంగుబాయి కడుపు రగిలిపోయేది. తునికాకు మీద కత్తెర అడ్డదిడ్డంగా పోయేది.

పట్టుబట్టి తానూ ఓ ఫోను కొనిపించుకుంది. ఒక మధ్యాహ్నం అందులో మంత్రిగారు చేతులు జోడించి కనిపించారు. సోమవారం నుంచి కార్ఖానాలో ఒక్క బీడీ కూడా బాగాలేదని తీసేయకూడదట, ఎలా చుట్టినా తీసుకోవాల్సిందేనట!

గంగుబాయి గల్లీ మధ్యకొచ్చి అరిచి మరీ చెప్పింది. అందరూ లేచొచ్చి ఆమె చుట్టూ మూగారు. ఎన్నాళ్లకు!

రూపాలి ఆ ఫోను చూసి, ఆమె చెవి దగ్గర మెల్లగా అంది. "గంగత్తా, గిది మంత్రిది కాదు. ఎవడో మజాక్‌కు ఆయన పేరు, ఫోటో పెట్టుకుండు. కింద చిన్నగ రాసిండు గూడ, చూడు."

"నీకు ముందుగాల దొరకలేదని కడుపుమంటనా, పోరీ?" అంది గంగుబాయి. కడుపుమంట ఎవరిదో ఆమెకు తెలియకపోలేదు.

సోమవారం దాకా గల్లీ అంతా వదులు వదులుగా, గబగబా చుట్టింది. కార్ఖానాలో బీడీలు చూసేవాడు ఒక్కొక్కటీ నొక్కి చూసి పక్కన పారేశాడు. మంత్రి చెప్పాడంటే పడీపడీ నవ్వాడు.

"ఏంది గంగక్కా, గిట్ల ముంచినవ్?" తిరిగొచ్చిన చంద్రభాగ అరుగు మీదికి చాట విసిరికొట్టింది. వెనక మిగతా అందరూ. గంగుబాయికి ఇక ఈ అరుగు ఎవరూ ఎక్కరని అర్థమైపోయింది.

అప్పుడు రూపాలి వచ్చింది.

"అత్త తప్పేం లేదు. నేను గూడ ఫోన్ల చూసిన. ఖరేనే అనుకున్న."

అంతే. "నువ్వే నమ్మినవంటే ఇగ గంగక్కేం జేస్తది పాపం" అంటూ చంద్రభాగ తన చాట సర్దుకుని కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు.

గంగుబాయి కత్తెర చేతిలోకి తీసుకుంది. తాను ఇన్నేళ్లు చెప్పిన నిజాలను కూడా వీళ్లు ఇంత తొందరగా నమ్మలేదు. రూపాలి ఒక్క అబద్ధం చెబితే చాలు, నమ్మేశారు. కడుపు మళ్లీ రగిలింది. ఈసారి తన పరువు కాపాడిన ఆ పిల్లను తిట్టుకోవడానికి కూడా వీల్లేదు.