మూడు ఖాళీ చెక్కులు

నా చిన్నప్పుడు మా సత్తెనపల్లిలో ఆడవాళ్ళు బ్యాంకు మెట్లెక్కడం నేను పెద్దగా చూడలేదు. ఎక్కకూడదని ఎవరూ అనలేదు, ఎక్కే పని పడేది కాదు, అంతే. అలాంటి రోజుల్లో ఏడో తరగతి ఆడపిల్లలకి చెక్కు రాయడం నేర్పాలని ఒకావిడకి అనిపించింది. ఆవిడ మా లెక్కల టీచరు. మా పక్క వాటాలోనే ఉండేవారు.

ఒకే పెంకుటింటిని మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. ఒకదాంట్లో మేము. మా నాన్న పత్తి మిల్లులో కాటా గుమాస్తా. రెండోదాంట్లో టీచరమ్మ, వాళ్ళాయన. పిల్లలు లేరు. ఆయన్ని నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయనకి స్థిరమైన ఉద్యోగం లేదు. మిరపకాయల సీజన్లో గుంటూరు వెళ్ళి కొనడం, అమ్మడం చేసేవారు. ఒక్కరోజు కూడా ఆయన గొంతు పెంచి మాట్లాడగా మా గోడకివతలికి వినపడలేదు. ఆదివారం ఇద్దరూ చర్చికి బయల్దేరితే ఆవిడ బైబిలు కూడా ఆయనే పట్టుకునేవారు. మా అమ్మ అది చూసి, మా నాన్నకి వినపడేలా నిట్టూర్చేది.

బారువడ్డీ లెక్కలు అయిపోయాక ఇంకా పది పన్నెండు పీరియడ్లు మిగిలాయి. టీచరమ్మ పాత పరీక్ష కాగితాల్ని తెల్లగా ఉన్న వైపు చూసి, స్కేలు పెట్టి చింపి, తలకి పదేసి కాగితాలు దారంతో కుట్టి ఇచ్చారు. అవే మా చెక్కు పుస్తకాలు. ఒక్కొక్కరి ఖాతాలో ఐదొందలు ఉన్నట్టు లెక్క. తేదీ ఎక్కడ వేయాలి, ఎవరికిస్తున్నామో ఎక్కడ రాయాలి, అంకెల్లో రాసింది మళ్ళీ అక్షరాల్లో ఎందుకు రాయాలి, చివర 'మాత్రమే' అని రాసి గీత ఎందుకు కొట్టాలి, అన్నీ ఓపిగ్గా చెప్పారు. చెక్కు చింపి ఇచ్చేశాక ఎడమ పక్క మన దగ్గర ఒక ముక్క మిగులుతుంది, దాని మీద ఎంత తీశామో రాసుకోకపోతే మన డబ్బు మనకే తెలియకుండా పోతుందన్నారు.

ఆ వారం మా క్లాసంతా పెద్ద బజారు. రిబ్బన్లు, రబ్బర్లు, జామకాయలు అన్నీ చెక్కుల మీదే అమ్ముడయ్యాయి. ఒకమ్మాయి ఐదొందలూ అయిపోయాక కూడా రాసుకుంటూ పోతుంటే, క్యాషియరుగా కూర్చున్న పిల్ల లేచి, "టీచర్, దీని ఖాతాలో డబ్బుల్లేవండీ!" అని అరిచింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

ఒక్క విషయం దగ్గర మాత్రం టీచరమ్మ నవ్వలేదు. అంకె వేయకుండా సంతకం పెట్టకూడదు. నాన్న అడిగినా, అన్న అడిగినా, ఎవరడిగినా సరే. ఆ మాట మా చేత పుస్తకంలో రాయించి, కింద రెండు గీతలు కొట్టించారు.

ఆ మర్నాడో, ఆ పై రోజో, పొద్దున్నే మా అమ్మ గోంగూర పచ్చడి గిన్నె ఇచ్చి పక్క వాటాలోకి పంపింది. వంటింటి గడప దగ్గర టీచరమ్మ పీట మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో అట్ట, దాని మీద నిజం చెక్కు పుస్తకం. బాబాయిగారు చేతిసంచీ తగిలించుకుని పక్కనే నిలబడ్డారు.

"గుంటూరు యార్డులో రేటు ఎంత పలుకుతుందో ఇక్కడ నిలబడి నాకెలా తెలుస్తుంది చెప్పు? ఒక్కటి వాడతాను, ఎనిమిదొందలకి మించదు. మిగతా రెండూ ఊరికే, చేతిలో ఉంటే ధైర్యం."

"ఆ ఒక్కటీ రాసిస్తానండీ."

"నా మీద నమ్మకం లేదా?" అన్నారాయన. కోపంగా కాదు. కాస్త నొచ్చుకున్నట్టు, నవ్వుతూ అన్నారు.

ఆవిడ మూడు కాగితాల మీద సంతకం పెట్టారు. ఆయన ఒక్కొక్కటీ తీసుకుని సిరా ఆరేదాకా నోటితో ఊది, మడతపడకుండా జేబులో పెట్టుకున్నారు. తలెత్తేసరికి ఆవిడకి నేను కనిపించాను. గిన్నె అందుకుని, "అమ్మకి చెప్పు, బాగుందని" అన్నారు. ఇంకా రుచి చూడకుండానే.

ఇంటికొచ్చి నేనెవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది అనుకున్నాను. కానీ రెండు గీతలు కొట్టించిన ఆ వాక్యం పుస్తకం తెరిచినప్పుడల్లా కనిపించేది.

నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. వాళ్ళింట్లో సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. ఆ సంబరంలో ఒకరోజు మిగిలిన చెక్కులన్నింటి మీదా ముందే వరసగా సంతకాలు పెట్టేసుకుంది. చివరి అక్షరానికి తోక కూడా తగిలించింది. టీచరమ్మ అది చూశారు. చూసి, ఎన్నడూ లేనిది, ఆ పుస్తకాన్ని పిల్ల కళ్ళ ముందే నిలువునా చింపేశారు. "ఎన్నిసార్లు చెప్పాను? తెలిసి కూడా చేస్తావా?" అంటూ చెయ్యి చాపించి స్కేలుతో కొట్టారు.

ఆ పిల్ల ఏడవలేదు. చిరిగిన ముక్కల్ని ఏరుకుంటోంది.

"మరి మీరు పెట్టారు కదా టీచర్, మూడు," అన్నాను లేచి నిలబడి.

ఆవిడ నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. కోపం లేదు. స్కేలు బల్ల మీద పెట్టి, "కూర్చో" అని, బోర్డు వైపు తిరిగి ఏదో లెక్క రాయడం మొదలుపెట్టారు. ఆ లెక్క తప్పు రాశారు. ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండానే వేటపాలెం నుంచి కబురొచ్చింది. అక్కడ జీడిపప్పు పని చేసుకుంటూ ఒంటరిగా ఉండే టీచరమ్మ వాళ్ళమ్మ పెరట్లో జారిపడిందట. తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఎముకల డాక్టరు ముందు రెండు వేలు కడితే ఆపరేషను చేస్తానన్నాడట. మర్నాడు శనివారం. ఆ శనివారం మా క్లాసులో నలుగుర్ని బ్యాంకుకి తీసుకెళ్ళి చూపిస్తానని ఆవిడ ముందే మాటిచ్చి ఉన్నారు. ఆ మాట తప్పలేదు. "ఎలాగూ నేను డబ్బు తీసుకోవాలి, అటునుంచి అటే బస్సెక్కుతాను. మీరూ రండి, నిజంగా ఎలా జరుగుతుందో చూద్దురుగాని" అన్నారు. నలుగురిలో నేనూ, నా పక్క పిల్లా ఉన్నాం.

బ్యాంకు నిండా మిరపకాయల ఘాటు. ఎవరి బట్టల్లోంచి వస్తోందో తెలియదు గానీ అందరూ దగ్గుతున్నారు. టీచరమ్మ బల్ల మీద మా కళ్ళ ముందే చెక్కు రాశారు. తేదీ, అంకె, అక్షరాలు, చివర గీత. ముక్క మీద కూడా రాసుకున్నారు. అప్పుడు చూశాను, దానికి ముందున్న మూడు ముక్కల్లో మొదటిదాని మీద ఎనిమిది వందలని ఉంది, తర్వాతి రెండూ ఖాళీ. కౌంటర్లో గుమాస్తా చెక్కు తీసుకుని ఇత్తడి టోకెన్ ఇచ్చాడు. ఆ టోకెన్ని మేం నలుగురం వంతులేసుకుని పట్టుకున్నాం. ఎప్పుడు పిలుస్తారా అని నంబరు మనసులో అనుకుంటూ కూర్చున్నాం.

నంబరు పిలవలేదు. గుమాస్తా పెద్ద లెడ్జరు తిరగేసి, ఇంకొకాయన్ని పిలిచి చూపించి, కౌంటర్లోంచి బయటికే వచ్చాడు. పాపం మంచివాడే. గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా, ఖాతాలో నూటపది రూపాయలే ఉన్నాయండి."

"లేదండీ, రెండు వేల మూడొందల పైన ఉండాలి. ఒకసారి సరిగ్గా చూడండి."

"చూశానమ్మా. ఈ వారంలోనే మూడు చెక్కులు మారాయి. మీ వారే పట్టుకొచ్చారు. సంతకం కలిసింది కాబట్టి ఇచ్చాం. మీ సంతకం కాదంటారా?"

ఆవిడ చాలాసేపు లెడ్జరు వైపు చూశారు. "సంతకం నాదేనండి" అన్నారు.

అంతే. ఇంక అడగడానికేమీ లేదు. ఆయన చెక్కు వెనక్కిచ్చి, టోకెన్ ఇమ్మని చెయ్యి చాపాడు. టోకెన్ అప్పుడు నా గుప్పిట్లో ఉంది. నేనే లేచి ఇచ్చాను. నా పక్క పిల్లకి విషయం అర్థమైంది. ఎందుకో ఆ పిల్లే ఏడ్చింది. టీచరమ్మ బెంచీ మీద కూర్చుని, తెల్లవారుజామున సర్దుకున్న బట్టల సంచీని ఒళ్ళో పెట్టుకుని, బ్యాంకు తలుపులు మూసేవేళ అయిందని ప్యూను వచ్చి చెప్పేదాకా లేవలేదు. మాకేం చెయ్యాలో తెలియలేదు. ఇంటికి వెళ్ళమని ఆవిడా అనలేదు, వెళ్తామని మేమూ అడగలేదు.

బాబాయిగారు మూడు చెక్కుల డబ్బూ పెట్టి మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, కొన్నారు. కొన్నాక రేటు పడిపోయింది. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, అడిగేవాడు లేడు. మర్నాడు ఆయన మా అరుగు మీద కూర్చుని మా నాన్న ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అది నటన కాదు. లాభం వస్తే అత్తగార్ని తెచ్చి దగ్గర పెట్టుకుందామనుకున్నానని అన్నారు. మా నాన్న కొంత, బడిలో టీచర్లు కొంత వేసుకుని డబ్బు పోగుచేసి ఇచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోపు ఎవరో నాటువైద్యుడి చేత కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుపోయింది, ఇప్పుడు కోసినా లాభం లేదన్నాడట డాక్టరు. ఆ పెద్దావిడ్ని తెచ్చి పక్క వాటాలో మంచం మీద పడుకోబెట్టారు. ఆవిడ మళ్ళీ తిన్నగా నడవలేదు.

వీధిలో అందరిదీ ఒకటే మాట. చదువుకున్న మనిషి, పైగా లెక్కల టీచరు, తెలిసి కూడా ఎలా పెట్టిందమ్మా అని. మా అమ్మ కూడా అంది. అందరి కన్నా ముందు, ఇరవై ఆరు మంది పిల్లల ఎదుట, ఆ మాట అన్నదాన్ని నేనే.

టీచరమ్మ మళ్ళీ బడికి వచ్చిన రోజు చెక్కు పుస్తకాలు తీయమన్నారు. నా పక్క పిల్లకి కొత్తది కుట్టి తెచ్చారు. తర్వాత కుర్చీ వదిలేసి, ఒక్కొక్కరి బెంచీ దగ్గరికీ వచ్చి కూర్చున్నారు. నేను మీ నాన్ననో, మీ అన్ననో, రేపు మీకొచ్చే మొగుణ్ణో అనుకోండి, సంతకం అడుగుతాను, మీరు పెట్టకూడదు, ఇదే ఆట అన్నారు. అందరం కిసుక్కున నవ్వాం. ఇదేం కష్టం అనుకున్నాం.

మొదటి బెంచీ పిల్ల పెట్టేసింది. రెండో పిల్లా పెట్టేసింది. నా పక్క పిల్ల కలం పక్కన పెట్టి చేతులు వెనక్కి దాచుకుంది. ఆవిడ మెల్లగా ఏదో అడిగేసరికి చేతులు ముందుకి తెచ్చి పెట్టేసింది. నా వంతు వచ్చింది. నేను పెట్టనని నాకు తెలుసు. అన్నీ చూసినదాన్ని.

ఆవిడ నా ముందు కూర్చుని, "రేటెంతో నాకిప్పుడెలా తెలుస్తుంది చెప్పు?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. తర్వాత అచ్చం ఆయనలాగే, కొంచెం నొచ్చుకున్నట్టు నవ్వి, "నా మీద నమ్మకం లేదా?" అన్నారు.

కాదనడానికి నోరు తెరిచాను. నా ఎదురుగా ఉన్నది బాబాయిగారు కాదు, ఇది ఆట, ఆ కాగితం పాత పరీక్ష పేపరు. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఆవిడ మొహం చిన్నబుచ్చుకోవడం మాత్రం చూడలేకపోయాను. సంతకం పెట్టేశాను.

ఆవిడ తిట్టలేదు. నా సంతకం మీద నోటితో ఊది, కాగితం మడిచి నా చేతిలోనే పెట్టి, నాకు మాత్రమే వినపడేలా, "చెక్కు రాయడం నాకు వచ్చమ్మా, అది నేర్పగలను. ఇది నాకూ రాదు" అన్నారు.

ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆ ఆట ఆడించారు. "అంకె వెయ్యండి, అప్పుడు పెడతాను" అన్న నాలుగు మాటలు కూడబలుక్కుని అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. పెద్ద పరీక్షలు అయ్యాక వాళ్ళు వాటా ఖాళీ చేసి వేటపాలెం వెళ్ళిపోయారు. సామాను బండెక్కించేటప్పుడు పెద్దావిడ్ని బాబాయిగారే చేతుల మీద ఎత్తుకుని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ నాలుగు మాటలు టీచరమ్మ ఎప్పుడైనా ఆయనతో అనగలిగారో లేదో నాకు తెలియదు.

పెళ్ళయ్యాక నేను ఆ మాట అన్నాను. కొన్నిసార్లు అనలేకపోయాను. అది వేరే కథ.

ఈమధ్య మా అక్క కూతురు, ఇంజనీరు పిల్ల, ఉన్నదంతా వాళ్ళ ఆడపడుచు భర్త చెప్పినచోట పెట్టి పోగొట్టుకుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి, చదువుకున్నదానివి, తెలిసి కూడా ఎలా చేశావే అని తలా ఒక మాట అంటున్నారు. పిల్ల రాయిలా కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఒక్కటే అడిగాను. "ఎంత మెత్తగా అడిగాడే?"

అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు ఆపే విద్య నా దగ్గర లేదు. పక్కన కూర్చోవడం మాత్రం వచ్చు, కూర్చున్నాను.