పెద్దమ్మ నడక చప్పుడు

మా పెద్దనాన్న చెప్పులు కుడతాడు. తలెత్తకుండానే, అడుగుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పేస్తాడు. ఏటా ఆయనా పెద్దమ్మా కొండదాకా కాలినడకన యాత్ర చేసేవాళ్లు. బస్సులుండగా ఒళ్లు హూనం చేసుకోవడమెందుకని నేను ఏటా అడిగేవాణ్ణి, ఏటా చీవాట్లు తినేవాణ్ణి.

పోయినేడు ఆయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇక దూరాలు నడవడం కుదరదని డాక్టర్ తేల్చేశాడు. పెద్దమ్మ తనూ మానేస్తానంది.

"నాకోసం నువ్వెందుకు మానడం? దారి పొడుగునా రికార్డు చేసుకురా. నేనిక్కడ కూర్చునే నీతో వస్తా" అన్నాడు పెద్దనాన్న.

మాట మామూలుగానే అన్నాడు గానీ, యాత్ర తప్పిపోతోందని ఆయన లోలోపల కుమిలిపోతున్నాడని మాకందరికీ తెలుసు. ఆమెకు కొత్త చెప్పులు కుట్టిచ్చాడు. ఫోనులో రికార్డు చేయడం నేను నేర్పాను.

ఆమె తిరిగొచ్చాక ముగ్గురం పెద్దనాన్న చెప్పుల కొట్లో కూర్చుని విన్నాం. ఫోను ముందు పెద్దమ్మ కొయ్యలా బిగుసుకుపోయేది. "ఏమండీ, వంతెన దగ్గరికొచ్చాం. చెప్పులు హాయిగా ఉన్నాయి" అని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పి ఆపేసేది. పెద్దనాన్న ముఖం చిన్నబోయింది.

"అన్నీ ఆగిన చోట్లే. నడక ఏదే?"

నడక ఒక్కదాంట్లోనే దొరికింది. ఆపడం మరిచిపోయి ఫోను సంచిలో పడేసిందట. ఆమె ఆయాసం, కంకర, దారి గురించి ఎవరితోనో వాదన, వాటన్నిటి వెనక టప్, టప్. పెద్దనాన్న చేతిలో సూది ఆగింది. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు.

"ఇవి నీకు కుట్టిచ్చినవి కావు. మడమ దగ్గర వదులుగా కొట్టుకుంటున్నాయి. నావి వేసుకెళ్లావా?"

పెద్దమ్మ గోడకేసి చూసింది. కొత్త జత సంచిలో మోసుకెళ్లి, తలుపు వెనకున్న ఆయన పాత చెప్పులతో కొండదాకా నడిచిందట.

"మీరెలాగూ రాలేరు. చెప్పులైనా వస్తాయి కదా అని..."

"మతుందా నీకు? కాళ్లు చూపించు!"

ఆ కేకకు పక్క కొట్టువాడు కూడా తొంగిచూశాడు. పెద్దమ్మ పాదాలు చాపింది. బొబ్బలు చితికి, అప్పుడప్పుడే మానుతున్నాయి. పెద్దనాన్న ఇంకా తిట్టబోయి, తిట్టలేక ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

ఈ ఏడు ఆయన కుట్టిన జత చూసి నాకు నవ్వాగలేదు. అడుగు అట్ట తన పాదం కొలతకు కోశాడు. పైపట్టీలు మాత్రం పెద్దమ్మ పాదానికి సరిగ్గా బిగించాడు. నేలకు తట్టుకోకుండా ముందు కొస కాస్త పైకి వంచాడు. వేసుకుంటే అచ్చం బాతు కాళ్లు.

"వీటితో పెద్దమ్మ బోర్లా పడుతుంది, పెద్దనాన్నా!"

"నీ పని నువ్వు చూసుకోరా" అంటూ పెద్దమ్మే వాటిని తొడుక్కుని కొట్లో అటూ ఇటూ నడిచింది. పెద్దనాన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"కుడికాలు ఈడ్వకు" అన్నాడు. "నేనలా నడవను."