కేకు మీద పువ్వు

పువ్వును కేకు మీద పెట్టే ముందు జయప్రియ దాని కాడను స్ట్రా ముక్కలోకి దూరుస్తుంది. కాడ క్రీముకు తగలకూడదు. గులాబీలు తన మిద్దె మీద మందు కొట్టకుండా పెంచినవే. మనవరాలి పుట్టినరోజు కేకు తీసుకోవడానికి నల్లంపల్లి నుంచి వచ్చిన ఓబమ్మ ఒక రేకను వేలితో తిప్పి చూసింది.

"ఏం పాపా, పురుగు కొరికిన పువ్వు పెట్టినావే?"

"తిన్న పురుగు బాగానే ఉండాది అత్తా. మనమూ ఉంటాం."

ఓబమ్మకు నచ్చలేదు. గులాబీని పీకేసి, గుడికని తెచ్చిన బుట్టలోంచి ఎర్ర గన్నేరు తీసి కేకులో గుచ్చేసింది.

"అది విషం అత్తా."

"అమ్మవారికి లేని విషం నీ కేకుకు వచ్చిందా?"

జయప్రియ గన్నేరునూ, దాని చుట్టూ ఉన్న కేకునూ గుప్పెడంత తవ్వి పారేసింది. "ఈ గుంటలో కొవ్వొత్తి పెట్టుకో అత్తా," అంది. ఓబమ్మ మూతి ముడుచుకుని కేకు పట్టుకుపోయింది.

వారం తిరక్కముందే ఓబమ్మ పక్కింటివాళ్లు జయప్రియకు కేకు చేయమని చెప్పారు. కొవ్వొత్తికి గుంట తప్పకుండా ఉండాలట.