వెస్టర్లీ వంశం పేర్లు చదివిన రాత్రి

ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా, ఇకమీదట నన్ను ఏ కబుర్లకూ పిలవకండి. ఇది నాకు జరిగింది. నాకే!

ఎనభైల్లో జూలూరుపాడులో ఇంగ్లీషు టీచరుగా ఉండేదాన్ని. ఒక వేసవి సెలవుల్లో మార్గరెట్ అనే ఇంగ్లండు పెద్దావిడకు దుబాసీగా, భద్రాచలం వైపు అడవిలో ఉన్న పాత బంగళాకు వెళ్లాను. ఆవిడ వెస్టర్లీ ప్రభువుల వంశంలో చివరి మనిషి. ఒకప్పుడు మూడు కోటలు, లెక్కలేనన్ని భూములట. అన్నీ అమ్ముడైపోయాయి. మిగిలింది చాపంత కాగితం... వంశవృక్షం.

అందులో ఒక తరంలో పెద్ద కొడుకు ఎడ్మండ్. టేకు కలప కోసం ఈ అడవికొచ్చి జ్వరంతో పోయాడు. పేరు పక్కన "అవివాహితుడు" అని ఉంది. భార్యాబిడ్డలు లేరని బిరుదు, భూములు తమ్ముడికి దక్కాయి. ఆ తమ్ముడి మునిమనవరాలే మార్గరెట్.

"ఇక్కడ ఆయనకు పెళ్లయిందని ఉత్తరం వస్తే, మావాళ్లు కాల్చేశారట. అదే నిజమైతే ఆ కోటల్లో మేం బతికింది దొంగ బతుకు. అది తేల్చుకోవడానికే వచ్చాను," అంది ఆవిడ.

ఆ రాత్రి లాంతరు ముందు కాగితం పరిచింది. కాపలాదారు ముత్తయ్య గోడకానుకుని కూర్చున్నాడు. ఆవిడ ఒక్కో పేరూ, ఆ మనిషి ఏలిన కోట పేరూ పైకి చదువుతోంది. నాకైతే భలే సరదాగా ఉంది!

మొదటి పేరు చదివింది. వరండాలో... టక్.

రెండో పేరు. టక్.

చేతికర్ర నేలకు ఆనించినట్టు.

"ముత్తయ్యా, ఎవరది?"

"ఎవ్వరు లేరు టీచరమ్మా. తలుపు నేనే పెట్టిన. ఈడ మనం ముగ్గురమే."

మూడో పేరు... టక్. నాలుగు... టక్! మార్గరెట్ కళ్లు మెరుస్తున్నాయి. నాకు భయమేసినా ఆపొద్దు, చదువు, చదువు అనిపించింది!

ఆవిడ వేలు ఒక చోట ఆగింది.

"ఎడ్మండ్... అవివాహితుడు."

ఏమీ లేదు. కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. లాంతరు వత్తి చిటపటమంది...

టక్.

దాని పక్కనే... గల్.

ముత్తయ్య దిగ్గున లేచాడు. "గా సప్పుడు ఆడమనిషి కాలి కడియాలది గాదా!"

మార్గరెట్ ఒక్క ఉరుకున వెళ్లి గడియ తీసింది. లాంతరు పట్టుకుని నేనూ పరుగెత్తాను. వరండా ఖాళీ. నేల మీద దుమ్ములో ఒక్క అడుగుజాడా లేదు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆమె పేరు అడుగు! మీ భాషలో అడుగు!"

నేను చీకట్లోకి చూస్తూ అడిగాను. "అమ్మా... నీ పేరేందమ్మా?"

మెట్ల కింద టక్... గల్... టక్... గల్... రెండూ జంటగా చెట్లలోకి వెళ్లిపోయాయి.

మార్గరెట్ లోపలికొచ్చి కలం తీసింది. "అవివాహితుడు" అన్న మాట కొట్టేసి, ఎడ్మండ్ పక్కన ఒక గీత గీసి, దాని చివర పేరుకు చోటు వదిలేసింది. తర్వాత మూడు రోజులు చుట్టుపక్కల గూడేలన్నీ తిరిగి అడిగాం. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆమె సమాధీ దొరకలేదు.

ఏదో అడవి జంతువై ఉంటుందిలే అంటాడు మా ఆయన. అయ్యుండొచ్చు. ఏమో... నేనైతే తేల్చి చెప్పలేను. కానీ నేను పేరు అడిగాక, చెట్లలోకి వెళ్తూ వెళ్తూ ఆ కడియాలు ఒక్క క్షణం ఆగాయి... జవాబు చెప్పబోయినట్టు.