పదమూడో టేబులుకు చోటు

“కుర్చీలు వేదికకు ఎదురుగానే వెయ్యాల. పెండ్లికైనా అంతే, నీ పందేనికైనా అంతే.”

“మా, ఇది పెండ్లి కాదు. హాలు నట్టనడుమ బోర్డు పరిచి, సుట్టూ జనం నిలబడి సూడాల. వేదిక మీద పెడితే కింద కూసున్నోళ్ళకు ఏం కనపడతాది? మా రోబో బండి జానెడెత్తు కూడా లేదు.”

“కనపడకపోతే లేసి సూస్తారు. తాళి కట్టేటప్పుడు లేసి సూడ్డం లేదా?”

“అట్లయితే భోజనాల హాలన్నా ఇయ్యి. టేబుళ్ళు ఆడ ఏసుకుంటాం.”

“అన్నం తినే తావులో చెప్పులేసుకుని తిరిగేదానికి నేనియ్యను. ఇంగ ఆ మాట ఎత్తాకు.”

పుంగనూరులోని మా కల్యాణ మండపంలో, మధ్యాహ్నం పూట, పదిమంది కాలేజీ పిల్లల ఎదుట నేనూ మా పెద్దమ్మాయీ పడిన గొడవ ఇది. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి ఇంకా ఎంతో కాలం కాని రోజుల్లో, మా వైపు ఇంజినీరింగు కాలేజీలు కొత్త. ఇంటింటికీ సెల్‌ఫోను రాలేదు. ఇప్పుడు నాకు మనవరాళ్ళున్నారు, అవ్వ వస్తోందంటే లైట్లూ ఫ్యాన్లూ వాటంతటవే ఆగిపోతాయని వాళ్ళు ఎగతాళి చేస్తారు. అప్పటికే నేను నలభై దాటిన మనిషిని. అయినా ఆ రోజు నేను చేసిన పని పదేళ్ళ పిల్ల చేసే పని కాబట్టి, దాన్ని నా చిన్నతనం లెక్కలోనే వేసి రాస్తున్నాను. (చదువు ఎటూ నాలుగో తరగతితో ఆగింది, చిన్నతనం ఎప్పుడు ఆగిందో నాకు సరిగ్గా తెలియదు.)

మండపం మా ఆయన అన్నదమ్ములందరిదీ. తాళాల గుత్తి మాత్రం నా నడుముకే ఉండేది. పెద్దమ్మాయి కుప్పంలో చదువుతోంది. మూడు ఊళ్ళ కాలేజీల పిల్లలు తాము చేసిన రోబోలతో పందెం పెట్టుకుందామనుకున్నారట. మదనపల్లె వాళ్ళు మదనపల్లె అన్నారు, కుప్పం వాళ్ళు కుప్పం అన్నారు. ఇది లేచి, “మధ్యలో పుంగనూరు ఉండాది, మా మండపం ఉండాది, ఏర్పాట్లన్నీ నేను సూసుకుంటా” అని మాట ఇచ్చేసింది. మొత్తం నలభైమందికి పైగా పిల్లలు, అందులో ఆడపిల్లలు నలుగురో అయిదుగురో. అలాంటి చోట ఇచ్చిన మాట. నాకు చెప్పింది మాత్రం అంతా ఖాయమైన తర్వాత.

అది గళ్ళ కాగితం మీద హాలంతా బొమ్మ గీసుకుని వచ్చి, “మా, పొడవెంత?” అని అడిగింది. “బంతికి ముప్పై ఆకులు” అన్నాను. “అడుగుల్లో చెప్పు మా” అంది. మండపం కట్టిన నాటినుంచీ ఆ నేలను నేను ఆకులతోనే కొలిచాను. ఒక బంతిలో ఎందరు కూర్చుంటారు, వడ్డించేవాళ్ళు ఎటు నడుస్తారు, ఇవే నా కొలతలు. అడుగులతో నాకు పనేముంది?

వాళ్ళ సారు సన్నగా, చేతిలో ఎప్పుడూ కొలిచే టేపు పట్టుకుని ఉండేవాడు. పిల్లలు చాటుగా టేపు సారు అనేవాళ్ళు. టేబుళ్ళూ మైకూ అద్దెకిచ్చే భాయ్ టెంపోలో సామాను దించుతుండగా సారు వచ్చి, “నేల సమంగా ఉంటుంది కదమ్మా?” అని నన్ను అడిగాడు. అంతమంది ఎదుట నన్నొక మాట అడిగారన్న సంబరంలో, “అద్దం మాదిరి ఉంటాది సార్, మా మండపానికి వంక పెట్టినోళ్ళు లేరు” అన్నాను. అన్న ఆ మాటే నన్ను తర్వాత పట్టుకుంది.

నా పట్టుదల ప్రకారమే వేదిక మీద బోర్డు పరిచారు, కింద కుర్చీలు వరుసగా వేశారు. మిగిలిన చోట జట్టుకొక టేబులు లెక్కన వేస్తే పన్నెండు పట్టాయి. వచ్చేది పదమూడు జట్లు. సారు నిలువుగా కొలిచాడు, అడ్డంగా కొలిచాడు. పదమూడోది వేస్తే తలుపు తెరుచుకోదు. “ముందు ఒక బండి నడిపి చూద్దాం” అని మా పెద్దపాప జట్టు చేసిన దాన్ని వేదిక మీద పెట్టించాడు. అది ఈ చివరినుంచి ఆ చివరికి గీతలాగా నేరుగా పోవాలి. నాలుగడుగులు బాగానే పోయి, మెల్లగా ఎడమకు ఒరిగి, బోర్డు దాటి, వేదిక అంచునుంచి ముందు వరుస కుర్చీలో పడింది. (అది పెండ్లికొడుకు మేనమామకు వేసే కుర్చీ.) ఎత్తి మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఎడమకే.

“తాగినోని మాదిరి పోతాండాదే” అన్నాడు భాయ్. పిల్లలు నవ్వారు.

మా పాప నవ్వలేదు. మూడు నెలలుగా సెలవు రోజుల్లో కూడా ఇంటికి రాకుండా చేసిన బండి అది. సారు దాని పక్కన కూర్చుని నెమ్మదిగా, “చక్రంలో లోపం ఉన్నట్టుందమ్మా. చోటు కూడా పన్నెండు జట్లకే ఉంది. మీరు ఏర్పాట్లు చూసుకునేవాళ్ళు కదా, మీ జట్టు ఆగితే బయటినుంచి వచ్చేవాళ్ళకు ఇబ్బంది ఉండదు” అన్నాడు. మా పాప తలూపి, చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని చక్రం విప్పడం మొదలుపెట్టింది.

చక్రంలో ఏమీ లేదని ఆ హాలులో తెలిసినది నాకొక్కదానికే. వేదిక కట్టేటప్పుడు మేస్త్రీ పక్కన నిలబడి, ఎడమ వైపుకు మూడు వేళ్ళ వాలు పెట్టించింది నేనే. తలంబ్రాలయ్యాక రెండు బిందెలు నీళ్ళు కుమ్మరిస్తే బియ్యం, పసుపు, పూలు అన్నీ వాటంతటవే కాలువలోకి పోవాలని, తుడిచేదానికి ఇంకొక మనిషిని పెట్టే పని ఉండకూడదని. కింద హాలుకూ అంతే, తలుపు వైపు వాలు. చెప్పడానికి ఒక్క మాట చాలు. అది చెప్పకుండా వంటింట్లోకి పోయి, ఎవరూ తాకని గుండిగల మూతలు తీసి చూసి, మళ్ళీ మూసి నిలబడ్డాను. అద్దమని అన్నానే, వేదిక మీదే పెట్టాలని అంతమందిలో పంతం పట్టానే, ఇప్పుడెట్లా పోయి చెప్పేది అన్నదే నా బాధ. మా పిల్ల మాట పోతోందన్న బాధ కంటే నా మాట పోతుందన్న బాధ ముందు వచ్చింది. ఇన్నేళ్ళయినా అది గుర్తొస్తే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

కిటికీలోంచి చూస్తే మా పాప రెండో చక్రం కూడా విప్పుతోంది. చెంబుతో నీళ్ళు ముంచుకుని, నేరుగా వేదిక ఎక్కి, బోర్డు పక్కన కుమ్మరించాను. అందరూ నాకు మతి పోయిందనుకున్నట్టున్నారు. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, ఎడమకు తిరిగి, బండి పోయిన దారినే పోయి వేదిక అంచు వెంబడి ఉన్న కాలువలో పడ్డాయి.

భాయ్ ముందు తేరుకున్నాడు. “సార్, బండి తాగలేదు. నేల తాగుండాది.”

“అద్దం అన్నారే అమ్మా” అన్నాడు సారు.

“అద్దమే సార్. రవ్వంత వాల్చి పెట్టినాం” అన్నాను.

ఈసారి మా పాప కూడా నవ్వింది. నవ్వి, “సమంగా ఉండేది యాడన్నా ఉండాదా మా?” అంది. ఉంది. నేను ఇవ్వనన్న భోజనాల హాలే. ఒక ఆకులో పోసిన రసం పక్క ఆకులోకి పోతే పెద్ద తగాదాలవుతాయని, మేస్త్రీ చేత ఆ నేలను రెండుసార్లు చేయించాను. తాళం తీసి, “చెప్పులు బయట” అని మాత్రం అన్నాను.

అక్కడా టేబుళ్ళు నాలుగు గోడల వెంబడి వేసి, మధ్యలో బోర్డు పెడితే మళ్ళీ పన్నెండే పట్టాయి. అప్పుడు నాకు నా బంతులు గుర్తొచ్చాయి. “ఒకరికొకరు వీపు పెట్టి కూసుంటే నడిసేదానికి ముందు పక్క ఒక దావ సాలప్పా. మీరు టేబులుకొక దావ ఇడిస్తాండారు” అని, ఆకుల కట్ట విప్పి, టేబులుకు అయిదాకుల లెక్కన నేల మీద పరిచి చూపించాను. పిల్లలు ఆకుల మీద టేబుళ్ళు మోసుకొచ్చి పెట్టారు. పదమూడు పట్టాయి. సారు టేపుతో కొలిచి, నా వైపు చూసి, టేపు జేబులో పెట్టుకున్నాడు. మా పాప కూర్చుని తన కాగితం మీద బొమ్మను చెరిపి, నా వరుసలను అడుగుల్లోకి మార్చి రాసుకుంది.

ఆ మండపం ఇప్పుడు మా చేతుల్లో లేదు, ఏసీ హాలు చేశారు. చెంబు పట్టుకుని వేదిక మీద నిలబడిన ఆ మనిషిని తలుచుకుంటే, దగ్గరికి పోయి కొంగు సర్ది, ఇంత బింకం ఎందుకమ్మా నీకు అని అడగాలనిపిస్తుంది. ఆమె ఒప్పుకోదని కూడా తెలుసు.

మర్నాడు పొద్దున్నే పదమూడు జట్లూ వచ్చాయి. బోర్డు చుట్టూ మా పాప సుద్దముక్కతో ఒక గీత గీసి, ఎవరూ అది దాటకూడదని మైకులో చెప్పింది. మొదట మా పాప జట్టు బండే నడిచింది, ఈ చివరినుంచి ఆ చివరికి నేరుగా పోయింది. నేను బాగా చూద్దామని ముందుకు వంగాను.

“మా, గీత తొక్కినావు. కాలు ఎనక్కి తీసుకో” అంది అది, మైకులోనే.

తీసుకున్నాను.