గుంతలో కత్తిసాము

మా ఇంట్లో బేరాల్లో ఓడినవాళ్ళు లేకపోలేదు. మా తాత ఎద్దుల బేరంలో ఓడాడు. మా నాయన వియ్యంకుడితో బేరంలో ఓడాడు. కానీ నడుముదాకా గుంతలో దిగి, చేత కత్తి పట్టుకుని, తిరునాళ్ళ జనమంతా చూస్తుండగా ఒక ఆడమనిషి చేతిలోని ఎర్రగడ్డల మూటకు, అదే ఉల్లిగడ్డల మూటకు, ఓడినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. ఆ గుంతను కూడా నా నోటితో నేనే అడిగి తవ్వించుకున్నాను. ఇంతటి ఘనుడు ఇంకెవడైనా ఉంటే చెప్పండి, శాలువా తెచ్చి కప్పుతాను. శాలువా ధర మాత్రం ముందు సగానికి తెంచి గానీ కొనను.

కడపలో మాది ఇత్తడి పాత్రల అంగడి. ఏటా వేంపల్లె దగ్గర ఒక కొండమీది దేవుడికి తిరునాళ్ళ జరిగితే బిందెలూ గంగాళాలూ బండికెత్తుకుని పోయేవాళ్ళం. అక్కడ దిగువన, మెట్ల దారి మొదట్లో, ఒక జాగా ఉండేది. ఎక్కేవాడూ దిగేవాడూ దాన్ని తాకకుండా పోలేడు. ఆ జాగా దొరికితే పండగ. వెనక వరసలో పడితే మన గంగాళాలకు మనమే కాపలా.

జాగా ఒకటి, అడిగేవాళ్ళం ఇద్దరం. రెండోది రాజంపేట చెంచమ్మ. మొగుడు పోయాక అంగడిని ఒంటిచేత్తో నడిపించిన మనిషి. బిందెను వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, ఆ మోత ఆగేలోపల కొనేవాడి చేత సంచి విప్పించేది. ఊరి పెద్ద పెద్దిరెడ్డి ఏటా రెండు చీటీలు చెంబులో వేసి ఒకటి తీయించేవాడు. వరసగా మూడేళ్ళు చెంచమ్మ చీటీయే వచ్చింది.

"ఈ తూరి కూడా జాగా పోయిందంటే నిన్ను మీ మేనమామ ఉప్పంగట్లో కూర్చోబెడతా. ఇత్తడి ముట్టుకోనీను," అన్నాడు నాయన.

ఉప్పంగడి! దాంట్లో బేరమాడేదానికి ఏముంది? ఉప్పు ధర దేవుడికీ ఒకటే, దొంగకూ ఒకటే. బేరంలేని బతుకు నాకు జైలు. అందుకని చీటీని నమ్మకూడదని తీర్మానించుకున్నాను. సగం పాళ్ళు ఊరికే గెలిచే అవకాశాన్ని కాదనుకున్న మొదటి వ్యాపారిని కూడా నేనే అనుకుంటాను.

అది రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోతున్న ఏడు. ఆఫీసర్లు మోయలేని సామాన్లన్నీ దొరికిన ధరకు తెగనమ్ముతుంటే పాత ఇత్తడి కోసం నేనూ కర్నూలు పోయాను. తూకం అయ్యాక అలవాటుగా కొసరు అడిగాను. ఆ ఇంటి వంటాయన విసుక్కుని, అటకమీది లావుపాటి బొమ్మల పుస్తకం తీసి నా మొహాన కొట్టాడు. కొసరుగా వచ్చినదేదీ వద్దనే వంశం కాదు మాది. తెచ్చుకున్నాను.

అది వందల ఏళ్ళ కిందట యూరపులో కత్తిసాము ఎట్లా చేసేవాళ్ళో చూపించే పుస్తకం. మా వీధిలో దావీదు మాస్టరని ఉండేవాడు. పట్టాళంలో ఇటలీ దాకా పోయివచ్చి, బడిలో డ్రిల్లు నేర్పేవాడు. ఆయన ఇంగ్లీషు చదివి చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. నేను కత్తిసామంటే వీరత్వం అనుకున్నాను. ఇదంతా అచ్చం అంగటి విద్య! ఒక బొమ్మలో ఒకడు గొడ్డలి తలను డొల్ల చేసి దాంట్లో మంట పుట్టే పొడి దాచి ఎదుటివాడి కళ్ళలో కొడుతున్నాడు. ఇంకో బొమ్మలో ఒకడు శత్రువును తలకిందులుగా గోనెసంచిలో దూరుస్తున్నాడు, అచ్చం మా మామ ఉప్పు నింపినట్టు. ఒకడైతే కత్తి పిడి చివరన ఉండే గుండును మర తిప్పి ఊడదీసి, ఎదుటివాడి మొహానికి విసిరి, వాడు బిత్తరపోయేలోగా మీదపడుతున్నాడు.

"మాస్టరూ, ఇది నేర్చుకుంటా," అన్నాను.

"యుద్ధంలో ఇట్లాంటివి చేస్తే మా సుబేదారు తోలు తీసేవాడప్పా."

"నేను పోయేది యుద్ధానికి కాదు, తిరునాళ్ళకు."

వడ్లాయనతో గుండు ఊడే చెక్కకత్తి చేయించుకుని, పెరట్లో గుమ్మడికాయను నిలబెట్టి విసరడం నేర్చాను. గుమ్మడికాయ ఒక్కసారి కూడా పక్కకు తప్పుకోలేదు. నా ధైర్యానికి అదే పునాది.

తిరునాళ్ళ రోజు పెద్దిరెడ్డి చెంబు తీయగానే నేను ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాను.

"రెడ్డీ, ఈ చీటీలు పిల్లల ఆట. చెక్కకత్తులతో సాము పెట్టు. గెలిచినోళ్ళకు జాగా."

నా ఎత్తు మీకు అర్థమయ్యే ఉంటుంది. చెంచమ్మకు అన్నదమ్ములు లేరు, కొడుకులు లేరు. కత్తి మాట వినగానే జాగా వదిలేసి పోతుందని నా లెక్క. సిగ్గులేని లెక్కే. అయినా వేసేశాను.

పెద్దిరెడ్డి మీసం కింద నవ్వాడు. చీటీలు తీసి తీసి ఆయనకూ విసుగు పుట్టినట్టుంది. "సాముకు కట్టుబాట్లు ఏందప్పా మరి?"

నేను పుస్తకాన్ని రెండు చేతుల్తో పైకెత్తాను. "దీంట్లో ఎట్లుంటే అట్ల. దొరల దేశంలో దీన్ని మించిన మాట లేదు. దీంట్లో రాసిందాన్ని ఒక్క గీత దాటినా నేను ఓడినట్టే. ఈడ నిలబడినోళ్ళంతా సాక్ష్యం!"

అందరూ సాక్ష్యం పలికారు. చెంచమ్మ వక్కాకు నములుతూ అడిగింది. "అయితే నేనే వస్తా. ఎప్పుడు మొదలు?"

నాకు నవ్వొచ్చింది. "అక్కా, ఆడోళ్ళతో నేనెట్ల కొట్లాడేది?"

"మాస్టరూ, ఆడోళ్ళకూ మగోళ్ళకూ సాము ఉండాదేమో ఆ బుక్కులో చూడు," అన్నాడు పెద్దిరెడ్డి.

తోడుగా వచ్చిన దావీదు మాస్టరు పుటలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఆ మనిషి మొహంలో ఇటలీ నుంచి వచ్చినప్పటినుంచీ అంత సంతోషం నేను చూడలేదు.

"ఉంది! మొగుడూ పెళ్ళాలు తగువు తెంచుకునే పద్ధతి. మగవాడు నడుముదాకా గుంతలో నిలబడాల. ఆడమనిషి పైన గుడ్డలో రాయి కట్టుకుని తిరుగుతాంటుంది. దెబ్బ తగిలినోళ్ళు ఓడినట్టే. గుంతలోంచి బయటికొచ్చినా మగవాడు ఓడినట్టే."

"మాస్టరూ, ఆ పుట నాకు చూపించలేదే!"

"నువ్వు గుండు విసిరే పుట దాటి ముందుకు పోనిస్తే గదా."

"ఒక్క గీత దాటనంటివే సుబ్బన్నా?" అన్నాడు పెద్దిరెడ్డి. "తవ్వండప్పా!"

తవ్వారు. సరిగ్గా ఆ జాగాకు నడిమధ్యన. గట్టినేల, గడ్డపార దిగితే నిప్పురవ్వలు. నాయన మా సరుకు దించిన వెనక వరసలోంచి పరిగెత్తుకుని వచ్చేసరికి నేను నడుముదాకా భూమిలో ఉన్నాను.

"ఏందిరా ఇది? యాల దిగినావు?"

"జాగా కోసం, నాయనా."

"జాగా అడగమంటే పాతిపెట్టుకోమంటినా?"

రాయి ప్రమాదమని పెద్దిరెడ్డి దాని బదులు గుడ్డలో ఎర్రగడ్డలు కట్టించి చెంచమ్మకు ఇచ్చాడు. తప్పెట మోగింది. జనం విరగబడ్డారు. నేను ఆలస్యం చేయలేదు. మర తిప్పి గుండు ఊడదీసి, ఆ పాతకాలపు వీరులందరినీ తలచుకుని విసిరాను.

గుమ్మడికాయకూ చెంచమ్మకూ ఉన్న తేడా అప్పుడు తెలిసింది. ఆమె కిందపడిన వక్కముక్క కోసం వంగింది. గుండు ఆమె కొప్పుమీదుగా దూసుకుపోయి వెనక వరసలో మా నాయన ముచ్చటగా నిలబెట్టిన పెద్ద గంగాళానికి తగిలింది.

ఖంగుమనాల్సిన గంగాళం దబ్బుమంది.

ఇత్తడి కొనే మా సీమ జనానికి ఆ చప్పుడు చాలు. అడుగున చిల్లికి మాటు వేసిన పాత్ర తప్ప ఇంకేదీ అట్లా మోగదు. ఆ మాటు సంగతి మా నాయనకూ నాకూ మాటు వేసినాయనకూ తప్ప తెలియదు. ఇప్పుడు తిరునాళ్ళంతా తెలిసింది.

చెంచమ్మ నిదానంగా లేచింది. ఎర్రగడ్డల మూట భుజాన వేసుకుని, గుంత పక్కనే ఆపిన తన బండి దగ్గరికి పోయి, ఒక బిందెను వేలి కణుపుతో కొట్టింది. ఖంయ్‌మని కొండదాకా పోయింది మోత.

"వింటిరా? అది ఆ అంగటి మోత, ఇది నా అంగటి మోత. ఇంగ మీ ఇష్టం!"

గుంత చుట్టూ ఉన్న జనమంతా ఒక్క అడుగు పక్కకు జరిగారు. ఆ ఒక్క అడుగుతోనే ఆమె అంగట్లో ఉన్నారు.

"ఏమక్కా, సాము చెయ్యవా?" అని అరిచాను.

"చేస్తాలే అప్పా. తొందరేముంది? నువ్వు యాడికీ పోవు గదా!"

పుస్తకంలో ఇన్ని గంటల్లో కొట్టాలని ఎక్కడా లేదట. మాస్టరు మళ్ళీ మళ్ళీ చూసి మరీ చెప్పాడు. బయటికొస్తే జాగా పోతుంది. బయటికి రాకపోతే బేరం పోతుంది. నన్ను చూడడానికి వచ్చినవాడల్లా చెంచమ్మ దగ్గర చెంబు కొనుక్కుని పోతున్నాడు. ఆమె పెట్టిన ఖర్చల్లా అప్పుడప్పుడూ వచ్చి మూటను నా తలమీద గాలిలో తిప్పడమే. అట్లా తిప్పినప్పుడల్లా కొత్త జనం మూగేవాళ్ళు. నేను కత్తి అడ్డం పెట్టేవాణ్ణి. ఆమె వెళ్ళి ఇంకో బిందె అమ్మేది.

మధ్యాహ్నం ఒక ముసలమ్మ గుంత అంచున కూర్చుని నన్ను తేరిపార చూసింది.

"ఏం మొక్కు నాయనా? ఎన్నాళ్ళు ఉంటావు ఇట్ల భూమిలో?"

"మొక్కు కాదవ్వా, సాము."

"ఏ సామి?" అని మారు మాట వినకుండా నా నొసట విభూతి పెట్టి, దండం పెట్టుకుని, మనవరాలి పెండ్లికని చెంచమ్మ దగ్గర రెండు గంగాళాలు కొనుక్కుని పోయింది.

నాయన సంగటిముద్ద తెచ్చి నా నోట్లో పెడుతూ పళ్ళు కొరికాడు. "వస్తే జాగా పాయె. ఉండు. ఉండి చావు."

పొద్దు వాలేసరికి కాళ్ళు నావి కావు, నడుము నాది కాదు. చెంచమ్మ బండి మాత్రం ఖాళీ అయింది. ఆమె మూట ఊపుకుంటూ గుంత దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది.

"అక్కా, నా అంతట నేను బయటికొస్తే మా నాయన చంపుతాడు. ఒక్క దెబ్బ ఎయ్యి. నేను ఓడిపోతా. నీ జాగా నువ్వు తీసుకో."

"ఎట్ల కొట్టేది అప్పా? కొడితే ఆట అయిపాయె, జనం పాయె. రేపు రాజంపేట నుంచి ఇంకో బండి సరుకు వస్తాండాది. రేపు కూడా ఉండు."

"రేపా!"

"శానా కళగా ఉండావు గుంతలో."

చూడండి నా గతి. గెలిచే బేరం పోయి, ఓడిపోవడానికి బేరమాడే రోజు వచ్చింది. అయినా బేరం బేరమే. నాలోని వ్యాపారి ఒళ్ళు విరుచుకుని లేచాడు.

"ఏం తీసుకుంటావు ఒక దెబ్బకు?"

"ఇంగ పదేండ్లు చీటీ లేకుండా జాగా నాది."

"పదా? అన్యాయం అక్కా! ఒక ఏడు."

"ఎనిమిది. రాత్రి చలి పెడతాది ఈడ."

"రెండు. నీ తమ్ముడనుకో."

"తమ్ముడివి కాబట్టే ఆరు."

"మూడు. ఇదే చివరి మాట. లేదంటే రేపు కూడా ఉంటా!" అన్నాను, గుంత గోడకు ఆనుకుని, చాలా ధీమాగా.

"సరే, నాలుగు," అని ఆమె సంగతి తేల్చేసింది. పది నుంచి నాలుగుకు దించాను! ఆ సంతోషంలో నేను నవ్వుతుండగానే మూట నా నెత్తిన పడింది. గుడ్డ పిగిలి ఎర్రగడ్డలు గుంతనిండా దొర్లాయి. తప్పెట మోగింది. పెద్దిరెడ్డి చెయ్యెత్తి చెంచమ్మ గెలిచిందన్నాడు. నలుగురు నా రెక్కలు పట్టి పైకి లాగారు, ముల్లంగి పీకినట్టు.

"పది నుంచి నాలుగుకు దించినా నాయనా!" అన్నాను ముందుగా.

నాయన నా నెత్తిమీది ఎర్రగడ్డ పొట్టు దులిపాడు. "రేపు పొద్దున్నే బస్సెక్కు. మీ మామకు కబురు పంపిస్తా."

అప్పుడు ప్రమాణం చేశాను, ఇప్పుడు మీ ఎదుట మళ్ళీ చేస్తున్నాను. ఒంట్లో ఊపిరి ఉండగా, ఏ పుస్తకాన్నీ చివరి పుటదాకా చదవనిదే నెత్తికెత్తుకోను. గుమ్మడికాయను గెలిచి మనుషుల మీదికి పోను. మనిషి నిలబడేటంత లోతు గుంత కనిపిస్తే దాని చుట్టూ తిరిగి పోతాను. ముఖ్యంగా వక్కాకు నములుతున్న ఆడమనిషితో పందెం వేయను.

ఇక లెక్క. దాచకుండా చెబుతాను. ఖర్చు వైపు: జాగా, ఆ ఏడాదిదీ, ఆ తర్వాత నాలుగేళ్ళవీ. గంగాళం ఒకటి, తూకానికి అమ్మాం. అంగడి పరువు, దానికి తూకం లేదు. నేను, ఉప్పంగట్లో రెండేళ్ళు. గుంత తవ్విన కూలీ మాదే, పూడ్చిన కూలీ మాదే. రాబడి వైపు: గుంతలోంచి ఏరుకున్న ఎర్రగడ్డలు, సుమారు శేరు. అందులో రెండు కుళ్ళినవి.