మంచినీళ్ల ట్యాంకును కాపాడిన రోజు

ఇరవై ఆరేళ్ల వయసులో నేను మా ఊరిని ఒక ఉగ్రవాద కుట్ర నుంచి కాపాడాను. కాపాడిన గంటలోపే ఊళ్లో తాగడానికి చుక్క నీరు లేకుండా పోయింది, ఒక పెళ్లివారి పొయ్యిలు ఆరిపోయాయి, మగపెళ్లివారి పెద్దాయనొకరు తాను తాగని నీళ్లకు వాంతులు చేసుకున్నారు. ఊళ్లో ఇప్పటికీ నేను ఎదురైతే పిల్లలు చేతిలో ఉన్న గ్లాసు వెనక్కి దాచుకుంటారు. ఎందుకో చెప్తాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

మాది పెనుబల్లి నుంచి అడవి వైపు పోతే వచ్చే చిన్న ఊరు. డిగ్రీ పాసై, ఖమ్మంలో గది కిరాయికి తీసుకుని రెండేళ్లు పోటీ పరీక్షలు రాసి, ఏ పరీక్షకూ నేను నచ్చకపోవడంతో ఇంటికొచ్చి పంచాయతీలో పంపు ఆపరేటర్‌గా చేరాను. ఊరి పైన గుట్ట మీద నేలకు ఆనుకుని ఒక సిమెంటు ట్యాంకు ఉంటుంది. మోటారు వేసి వాగు నీళ్లతో దాన్ని నింపడం, బ్లీచింగ్ కలపడం, రెండు పూటలా వాల్వు తిప్పి నల్లాలకు నీళ్లు వదలడం, పదిహేను రోజులకోసారి ట్యాంకు కడగడం, ఇవీ నా విధులు. గాలి బాగా వచ్చే చోటు. చదువుకోవడానికి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉండదు.

చదివేవి గూఢచారి నవలలు. ఖమ్మం నుంచి నేను సంపాదించుకొచ్చిన ఆస్తి మొత్తం ఒక గోనెసంచెడు పాత నవలలే. ఒకదాంట్లో ఉగ్రవాదులు వంతెన పేల్చబోతారు, ఇంకోదాంట్లో డ్యాముకు గురిపెడతారు, మరోదాంట్లో రైలు సిగ్నళ్లు, కరెంటు లైన్లు. ఏ దిక్కూ తోచని రచయిత మాత్రం నగరానికి పోయే మంచినీళ్లలో విషం కలిపిస్తాడు. కథానాయకుడు గడ్డం గీసుకోడు, ఇంటికి పోడు, అతను చెప్పేది పై అధికారి చచ్చినా నమ్మడు. చివరి పేజీలో అదే అధికారి కళ్లు తుడుచుకుంటూ చెయ్యి కలుపుతాడు. నేను గడ్డం గీసుకోవడం మానేసి సిద్ధంగా ఉన్నాను. కుట్ర ఒక్కటే తక్కువ.

దానికోసం వెతకలేదని అనుకోకండి. వాగు మీద టేపు పట్టుకుని కొలతలు తీస్తున్న ఇద్దరి బండి నంబరు రాసుకున్నాను. వాళ్లు కల్వర్టు కట్టడానికి వచ్చినవాళ్లని తర్వాత తెలిసింది. కట్టేసి వెళ్లిపోయారు కూడా. అయినా నంబరు కొట్టేయలేదు, ఎందుకైనా మంచిదని.

ఇలా ఉండగా శ్రావణమాసంలో ఒకరోజు సర్పంచ్ సుగుణక్క నన్ను పంచాయతీ ఆఫీసుకు పిలిపించింది. బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టి ఉన్నాయి.

"ఇవి నీళ్లా సీనూ, చాయా?"

"వానలక్కా. వాగు ఎర్రగ పారుతున్నది. నేనేం జెయ్యను?"

"నిరుడు గూడ గిదే ముచ్చట చెప్పినవ్. గురువారం మల్లయ్య బిడ్డ పెండ్లి. ఊరు ఊరంత గాడనే తింటది, తాగుతది. మగపెండ్లోళ్లు కారేపల్లి నుంచి వస్తున్నరు. నీళ్ల గురించి ఒక్కలు నోరు తెరిసినా ట్యాంకు తాళంచెవి నా చేతుల పెట్టి ఇంటికి పోవాలె. ఇంగ నేను మాట్లాడ."

బయటికొచ్చి ఆలోచించాను. ఉద్యోగం నిలబడాలంటే రెండు దారులున్నాయి. నీళ్లు బాగుచేయడం, లేదా ఊరంతా నీళ్ల సంగతి మరిచిపోయేంత ఘనకార్యం ఏదైనా చేయడం. పాఠకులారా, మీరైతే మొదటిది ఎంచుకునేవారు. మీరు నవలలు తక్కువ చదివుంటారు.

గురువారం పొద్దున్నే మోటారు వేయడానికి గుట్ట ఎక్కుతుంటే ట్యాంకు మీద మనిషి కనిపించింది. తుమ్మచెట్టు చాటుకు తప్పుకుని చూశాను. బుచ్చవ్వ. గుట్ట కింద ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలామె, నేను పుట్టినప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టుకుని నాకు తొలి స్నానం పోసిన మనిషి. ట్యాంకు ఇనుప మూత తెరిచి ఉంది. మూతకు తాళం వేయాల్సింది నేనే. ముందురోజు సాయంత్రం కథ మంచి పట్టులో ఉండి మరిచిపోయాను. బుచ్చవ్వ పెద్ద చెంబులోంచి తెల్లటి చిక్కటి ద్రవమేదో ట్యాంకులో పోసి, వెదురు గడతో కలిపి, అటూ ఇటూ చూసి దిగింది.

ఆమె దిగాక నేనెక్కాను. మూత పక్కన ఒక సానరాయి, తడి ఆరలేదు. దాని పక్కనే నాలుగు గింజలు.

మా అడవిలో ముష్టి గింజలు దొరుకుతాయి. ఏరి ఎండబెట్టి మందుల కంపెనీల వాళ్లకు అమ్ముతారు. విషం. ముట్టుకున్న చెయ్యి నోట్లో పెట్టుకోవద్దని చిన్నప్పుడు మా అమ్మ వీపు మీద రెండేసి మరీ నేర్పింది. అడవి గింజ, అరగదీసిన రాయి, ఊరి ట్యాంకు, ఊరంతా ఒకేచోట తాగబోయే రోజు. నా ఒళ్లు జలదరించింది. నిజం చెప్పొద్దూ, కొంచెం సంతోషం కూడా వేసింది.

పరుగెత్తి బుచ్చవ్వను దారిలో పట్టుకున్నాను.

"అవ్వా, ఆగు. చెంబుల ఏందది?"

"ఏం లేదు కొడుకా. ఉత్త చెంబే."

"ఇందాక ఏముండె?"

"గింజలు అరగదీసిన. ట్యాంకుకు ఎంత పడ్తదో తెల్వక రెండు దోసిళ్లు వేసిన. చేతులు గుంజుతున్నయ్."

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"నన్నెవరు పంపుతర్రా? పెండ్లి గదా, ఊరంత గా నీళ్లే తాగుతరు గదా అని నాకే తోచింది." అని దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "నువ్వు గిది ఎవ్వల్కి చెప్పకు బిడ్డా. నీ మీదికే వస్తది."

నేరం ఒప్పుకుంది, ఉద్దేశం చెప్పింది, చివరికి నన్నే బెదిరించింది. ఎన్ని నవలలు చదివినా ఇంత చులాగ్గా లొంగిన నేరస్తురాలిని నేను చూడలేదు. ఆమెను అక్కడే ఒక రాయి మీద కూర్చోబెట్టి, "కదిలితే బాగుండదు" అని చెప్పి గుట్ట ఎక్కాను.

ట్యాంకు అడుగున మురికినీళ్లు వదిలే పెద్ద వాల్వు ఒకటుంటుంది. నా హయాంలో ఎవరూ తిప్పని వాల్వు. రెండు చేతులా పట్టి, కాళ్లు తన్నిపెట్టి, మొత్తానికి తిప్పాను. నీళ్లు వాగులా దూకాయి. ఆ నీళ్లు ఎటు పోతాయన్నది నవలల్లో ఎవరూ రాయరు కాబట్టి నేనూ ఆలోచించలేదు. పంచాయతీ ఆఫీసుకు ఉరికి మైకు అందుకున్నాను.

"గ్రామ ప్రజలకు హెచ్చరిక. మన ట్యాంకులో విషం కలిసింది. ఎవరూ నీళ్లు తాగొద్దు. తాగినవాళ్లు కదలకుండా పడుకోండి. నేరస్తులు నా అదుపులో ఉన్నారు."

నేరస్తులు అన్న బహువచనం ఊపులో వచ్చింది.

ఊరు ఒక్కసారిగా వీధిలో పడింది. ముందురోజు పట్టుకున్న నీళ్లు తాగినవాళ్లకు, అసలు ఏమీ తాగనివాళ్లకు కూడా కడుపునొప్పి మొదలైంది. పెళ్లికొడుకు బాబాయి గారు పొద్దుటి నుంచి ఒక్క సోడా తప్ప ఏమీ ముట్టలేదట. అయినా పందిరి గుంజ పట్టుకుని వాంతి చేసుకుని, "నాకేమన్న అయితే పిల్లలను చూసుకోండ్రి" అని అందరికీ అప్పగింతలు పెట్టారు. ఈలోగా నేను వదిలిన నీళ్లు బాట పట్టుకుని దిగి, మల్లయ్య ఇంటి వెనక తవ్విన గాడిపొయ్యిల్లోకి నిండుగా చేరాయి. పప్పు గుండిగ కింద మంట ఒక్కసారి బుస్సుమని ఆరిపోయింది. వంట మేస్త్రీ గరిటె పట్టుకునే నాకోసం బయల్దేరాడు.

అందరూ గుట్ట మీదికొచ్చారు. నేను ముందే తిరిగెక్కి, అరచేతిలో గింజలు పెట్టుకుని నిలబడ్డాను. ఇక మిగిలింది సుగుణక్క చెయ్యి కలపడమే.

"ముష్టి గింజలక్కా. బుచ్చవ్వ కలిపింది. ఆమె నోటితోనే ఒప్పుకున్నది."

సుగుణక్క ఒక గింజ తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"సీనూ, ముష్టి గింజ ఎట్లుంటది?"

"గింజ లెక్కనే ఉంటది."

"అంగీ గుండీ లెక్క చదునుగ ఉంటది. గిది గుండ్రంగ ఉన్నది. గిది చిల్లగింజరా. అరగదీసి కలిపితే మట్టి అంత అడుక్కు దిగి నీళ్లు తేటగైతయ్. బడికి పోని పోరగాళ్లకు గూడ తెలుసు. మీ అమ్మ బిందెల వెయ్యదా?"

వేస్తుంది. మా ఇంట్లో నీళ్లు ఎప్పుడూ అద్దంలా ఉంటాయి. అందుకే ఊళ్లోవాళ్ల ఫిర్యాదులు నాకు వేళాకోళంగా అనిపించేవి.

"ఇంత ముసలితనంల ట్యాంకు ఎందుకెక్కినవ్ అవ్వా?" అని సుగుణక్క అడిగింది. బుచ్చవ్వ నేను కూర్చోబెట్టిన రాయి మీదినుంచి అప్పటికే లేచి వచ్చి ఉంది.

"పెండ్లినాడు నీళ్లు బురదగుంటే పిలగాని కొలువు పోతదంటివి గదా, పంచాయతీ అరుగు మీద కూసోని విన్న. ఒక్కపూట తేటగొస్తే గండం గడుస్తది అనుకున్న. ఎవ్వల్కి చెప్పకురా అన్న గూడ."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అంత దూరం పోనక్కర్లేదు, ట్యాంకులో దిగితే చాలని ఆ తర్వాతి క్షణంలో తెలిసింది. నీళ్లన్నీ పోయాక వంట మేస్త్రీ మూతలోంచి తొంగిచూసి వెనక్కి తగ్గాడు. తర్వాత సుగుణక్క చూసింది. ఆ తర్వాత పెళ్లికొచ్చిన కారేపల్లి వాళ్లతో సహా అందరూ వరుసగా చూశారు. అడుగున మోకాలి లోతు బురద. అందులో కప్పలు కాపురాలుంటున్నాయి. ఒక మూల గడ్డి కూడా మొలిచింది. నేను చేరినప్పటి నుంచి పదిహేను రోజులకోసారి కడగాల్సిన ట్యాంకు అది. ఆ రోజుల్లో నేను ఒక నగరాన్ని మూడు భాగాల నవలలో కాపాడుతున్నాను.

సుగుణక్క మూత వదిలి నా వైపు తిరిగింది. "నువ్వు మైకుల చెప్పింది నిజమే. నీళ్లు పాడుజేసినోడు దొరికిండు."

నేను తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. బుచ్చవ్వే అడ్డొచ్చింది. "ఊకో సుగుణా. వాడు ఊరు కోసమే ఉరికిండు గదా, తిక్కల ఉరుకుడైనా." ఆమె నన్ను వెనకేసుకొస్తుంటే ఏడుపొచ్చింది. ఆ ముసలి చేతులు నాకోసం రెండు దోసిళ్ల గింజలు అరగదీశాయి, నేనేమో ఆమెను రాయి మీద ఖైదు చేశాను.

ఆ రోజు పక్క ఊరి నుంచి ట్రాక్టర్ ట్యాంకర్ తెప్పించారు. పెళ్లి భోజనాలు సాయంత్రం నాలుగింటికి అయ్యాయి. నేను తినలేదు, చీకటిపడేదాకా ట్యాంకు కడుగుతున్నాను. పెళ్లికూతురు మాత్రం విస్తరిలో అన్నం కట్టి పంపింది, దాంతోపాటు ఒక గ్లాసుడు బురదనీళ్లు కూడా.

ఉద్యోగం పోలేదు. సుగుణక్క తాళంచెవిని బుచ్చవ్వ చేతికిచ్చింది. రోజూ పొద్దున నేను ఆమె గడపలో నిలబడి అడిగి తీసుకోవాలి. ఆమె ముందురోజు పట్టిన నీళ్లు ఎండకెత్తి చూసి, తృప్తిగా ఉంటేనే కొంగుముడి విప్పుతుంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ దేశంలోని వంతెనలనూ, డ్యాములనూ, రైలు పట్టాలనూ కాపాడే బాధ్యత నేటి నుంచి ప్రభుత్వానికే వదిలేస్తున్నాను. మా ఊరి ట్యాంకుకు నా వల్ల ఉన్న ప్రమాదాన్ని మాత్రం పదిహేను రోజులకోసారి నేనే దిగి కడుక్కుంటాను.